దేముడమ్మ కత్తి

లక్ష్ముడికి మడతకత్తుల పిచ్చి. ఆ పల్లెలో మిగతా మగాళ్ళకి పిచ్చులు లేవని కాదు. ఒకడికి పేకాట, ఒకడికి కోడిపందెం, ఇంకొకడికి పొద్దు వాలితే గొంతు తడవాలి. వాటినెవరూ పిచ్చి అనరు, అలవాటంటారు. భోగాపురం దాటి సముద్రం వైపు వెళ్తే సరుగుడు తోటల వెనక ఉంటుందా పల్లె. అక్కడ మడతకత్తులు కొని, నూనె రాసి, పెట్టెలో దాచుకునేవాడు లక్ష్ముడొక్కడే. అందుకని అతనొక్కడే పిచ్చివాడయ్యాడు. లోకం తీరే అంత.

చేపల వేటకెళ్ళే ప్రతివాడి మొలతాడుకీ ఒక మడతకత్తి ఉంటుంది. వల వెళ్ళి పడవ ఇంజను ఫ్యానుకి చుట్టుకుందంటే దాన్ని కోసి తీయాల్సిందే. పని అయ్యాక మడిచి బొడ్లో దోపుకుంటారు. పోతే పోయింది, ఇంకోటి కొంటారు. లక్ష్ముడు అలా కాదు. ఎవరి చేతిలో కొత్త కత్తి కనిపించినా అడిగి తీసుకుని, విప్పి, మడిచి, చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. మంచి కత్తి మూతపడేటప్పుడు టక్కుమని ఒక్క మాట అంటుందనీ, నాసిరకానిది నసుగుతుందనీ చెప్పేవాడు. అతని పెట్టెలో విశాఖ రేవులో ఓడవాళ్ళు అమ్ముకున్న కత్తి ఉంది. తమలపాకుల వ్యాపారి వాడిన వేలెడు కత్తి ఉంది. పర్లాకిమిడి వైపు నుంచి వచ్చిన దున్నకొమ్ము పిడి కత్తులున్నాయి. దీపానికి ఎదురుగా పట్టుకుంటే ఆ కొమ్ము లోపల తేనెరంగు కదులుతుంది. అది చూసినప్పుడల్లా అతనికి కడుపు నిండినట్టుండేది.

సముద్రం పక్కన ఇనుము దాచుకోవడమంటే పిల్లిని పక్కన పెట్టుకుని చేపలు ఎండబెట్టుకోవడమే. ఉప్పుగాలి ఊరుకోదు. అందుకని వారం వారం సొరచేప నూనెతో ఒక్కో కత్తినీ తుడిచి, పాత లుంగీ గుడ్డలో చుట్టేవాడు. ఇల్లంతా ఆ కంపే. పెళ్ళాం తలకి కొబ్బరినూనె చుక్క దిక్కులేదు గాని కత్తులకి మాత్రం తలంట్లు జరుగుతాయని అతని భార్య గురమ్మ వీధికంతా వినిపించేలా దెప్పేది. లక్ష్ముడు నవ్వి ఊరుకునేవాడు. ఆమె మాత్రం ఏం చేస్తుంది పాపం! సవతి అయితే జుట్టు పట్టుకోవచ్చు, కత్తుల పెట్టెని ఏం పట్టుకుంటుంది?

ఆ పెట్టెలో ఒక కత్తి లక్ష్ముడు కొన్నది కాదు. అతని తల్లి దేముడమ్మది. ఆవిడ కాపరానికి వచ్చేటప్పుడు, విరిగిన లంగరు ముక్కతో ఆవిడ తండ్రి కమ్మరి చేత చేయించి ఇచ్చాడు. తాటి చేవ పిడి. బాలింత తలకింద ఇనుము ఉండాలని, లేకపోతే గాలీ ధూళీ పసిగుడ్డు మీదకొస్తాయని ఆ ఒడ్డున అందరి నమ్మకం. దేముడమ్మ ప్రతి కాన్పుకీ ఆ కత్తి తలకింద పెట్టుకుంది. కన్న బిడ్డల్లో ఒక్కరు కూడా పోలేదు. ఆ రోజుల్లో అది మామూలు సంగతి కాదు. దాంతో ఆ కత్తికి పేరొచ్చింది. పురుడొచ్చిన ఇంటికి ముందు దేముడమ్మ కత్తి వెళ్ళేది, ఆ తర్వాత మంత్రసాని వెళ్ళేది. గురమ్మ కూడా కూతురు రాణిని కన్నప్పుడు దానిమీదే తల పెట్టుకుని పడుకుంది.

తర్వాత కాన్పులు ఆసుపత్రులకి మారాయి. దేముడమ్మ పోయింది. కత్తి అడగడానికి వచ్చేవాళ్ళు తగ్గి, చివరికి రావడమే మానేశారు. అది లక్ష్ముడి పెట్టెలో చేరింది. స్ప్రింగు చచ్చిపోయి, కోసే అలుగు వేలాడుతోంది. పిడి చీలితే దేముడమ్మే ఎప్పుడో వలతాడుతో చుట్టి కట్టింది. మిగతా కత్తుల పక్కన అది, పెళ్ళి బంతిలో చిరుగు పంచెతో కూర్చున్న ముసలాయనలా ఉండేది. పెరటి చెట్టు మందుకి పనికిరాదంటారే, అలాగ లక్ష్ముడి కళ్ళకి అదెప్పుడూ ఆనలేదు. అయినా తల్లిది కదా, బాగు చేయిద్దామనుకున్నాడు. అక్కడే మొదలయింది.

రాణి ఇంకా బడికి వెళ్తున్న రోజులవి. శివరాత్రికి రామతీర్థం జాతరకి వెళ్తూ ఆ కత్తిని జేబులో వేసుకున్నాడు. చీపురుపల్లి నుంచి ఎల్లాజీ అని ఒకాయన ఏటా ఆ జాతరకి వచ్చేవాడు. సైకిలుకి సానరాయి బిగించుకుని కత్తులు నూరుతూ, పక్కన గోనెపట్టా మీద పాత కత్తులు పరిచి అమ్మేవాడు. ఆ పట్టా మీద లక్ష్ముడికి ఒక కత్తి కనిపించింది. నల్లటి కొమ్ము పిడి, పిడి మీద చేప చెక్కి ఉంది, చేప కంటికి ఇత్తడి బొట్టు. విప్పితే వెన్నలో వేలు దిగినట్టు వచ్చింది. మడిస్తే టక్కుమంది. తాను వలచింది రంభ! ఇంకేం కనిపిస్తుంది మనిషికి?

ఎల్లాజీ దాన్ని డబ్బుకి ఇవ్వనన్నాడు. లక్ష్ముడు బాగు చేయమని ఇచ్చిన కత్తి అలుగుని గోటితో గీరి చూసి, ఇలాంటి ఇనుము ఇప్పుడు పుట్టదు, ఇది నాకిచ్చి అది పట్టుకుపో అన్నాడు. లక్ష్ముడు పక్క కొట్లో గోలీసోడా తాగుతూ ఆలోచించాడు. సోడా అయిపోయేసరికి ఆలోచనా అయిపోయింది. ఇంటికొచ్చాక గురమ్మ అడగలేదు, అతను చెప్పలేదు.

రాణి పెద్దదయింది. లక్ష్ముడి అక్క కొడుకు గోవింద్‌కే ఇచ్చి చేశారు. గోవింద్ సముద్రం వదిలేసి ఎయిర్‌పోర్టు పనుల్లో టిప్పరు తోలేవాడు. నెమ్మదస్తుడు, రాణి అంటే ప్రాణం పెట్టేవాడు. మొదటి బిడ్డ కడుపులోనే పోయింది. రెండో బిడ్డ పుట్టాడు గాని ఏడవలేదు. రెండుసార్లూ రాణి అత్తవారింటి దగ్గరే ఉంది. మూడోసారి కడుపు నిలిచినప్పుడు నెలలు నిండకముందే పుట్టింటికి వచ్చేసింది. వచ్చి, చేతిసంచీ కింద పెట్టకుండానే తండ్రినడిగింది.

"నాన్నా, నానమ్మ కత్తి తీసి ఉంచు. ఈసారి అది తలకింద లేకుండా నాను పడుకోను."

లక్ష్ముడు చెప్పేయాల్సిన క్షణం అదే. కాని రాణి మొహం చూశాడు. రెండు కాన్పులకీ పీక్కుపోయిన మొహం, ఇప్పుడిప్పుడే కాస్త ఆశ పుట్టిన మొహం. ఉందమ్మా, పెట్టెలో ఉంది అనేశాడు. అబద్ధం ఆడటానికి ఎంతసేపు పడుతుంది? మోయడానికి కదా బతుకంతా పట్టేది.

మర్నాడు వలకి తాడు కొనాలని వంక పెట్టి బస్సెక్కి చీపురుపల్లి వెళ్ళాడు. స్టేషను వెనక ఇంటి అరుగు మీద ఎల్లాజీ కూర్చుని ఉన్నాడు. చూపు మందగించింది గాని, చేప చెక్కిన కత్తి సంగతి చెప్పేసరికి గుర్తుపట్టాడు. ఆ పాత పిడి అప్పుడే పారేశాననీ, అలుగు తీసి కొత్త పిడికి వేశాననీ, అది మరుసటి జాతరలోనే అమ్ముడైపోయిందనీ చెప్పాడు. ఎవరు కొన్నారని లక్ష్ముడు అడిగితే, జాతర జనంలో ఎవరని చెప్పనన్నాడు. లక్ష్ముడు ఆ అరుగు మీదే చాలాసేపు కూర్చుండిపోయాడు. ఎల్లాజీ భార్య మంచినీళ్ళిచ్చి, ఎవరైనా పోయారా అని అడిగింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. కాని లక్ష్ముడి చేతులు కత్తులెరిగిన చేతులు. తిరిగొచ్చి, గురమ్మ చేపల బుట్టతో సంతకి వెళ్ళిన పూటల్లో కూర్చుని, లేని కత్తిని మళ్ళీ పుట్టించాడు. తనకి ప్రాణమైన కత్తి ఒకటి విరగ్గొట్టి అలుగు తీశాడు. కూలిన పాత ఇంటి తాటి దూలం ముక్కతో పిడి చెక్కాడు. ఉప్పునీళ్ళలో నానబెట్టి, ఎండలో పెట్టి, నూనె పట్టించి, చీల్చి, వలతాడు చుట్టాడు. ముడి ఎక్కడ ఉండేది? బొటనవేలు ఆనే చోట, కాస్త పక్కకి. తల్లి ఎండుచేపల తలలు కోసేటప్పుడు ఆ ముడి ఆవిడ వేలికి ఒరుసుకునేది. అక్కడ కాయ కాచి ఉండేది. అవన్నీ ఇప్పుడు గుర్తొచ్చాయి. తల్లి బతికుండగా అంత శ్రద్ధగా ఆ కత్తిని అతను ఏనాడూ చూడలేదు. పిడి మీద కన్నీళ్ళు పడితే తుడుచుకుని మళ్ళీ చుట్టాడు.

గురమ్మ దాన్ని చూసి కళ్ళకద్దుకుంది. అత్తని తలుచుకుని ఏడ్చింది కూడా. కత్తి చేతికిస్తే పగ వస్తుందని లక్ష్ముడు దాన్ని చాప మీద పెట్టాడు. రాణి వంగలేక వంగి తీసుకుని, తాడు ముడిని వేలితో నిమిరి, నానమ్మ వాసన వస్తున్నాది అంది. లక్ష్ముడు తేలు కుట్టిన దొంగలా బయటికి వచ్చేశాడు.

విజయనగరం ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. పుట్టగానే గట్టిగా ఏడ్చింది. ఆ ఏడుపు విని గోవింద్ వరండాలో గోడకి మొహం పెట్టుకుని తనూ ఏడ్చేశాడు. ఇంటికి తెచ్చారు. కత్తి రాణి తలకిందే ఉంది. బిడ్డకి దేముడమ్మ పేరే పెడదామనుకుని, అప్పుడే అందరూ నానమ్మా అని పిలవడం మొదలుపెట్టారు. లక్ష్ముడు వేట నుంచి రాగానే కాళ్ళు కడుక్కుని ఊయల దగ్గర చేరేవాడు. కత్తి ఏదైతేనేం, ఇనుము ఇనుమే కదా అని తనకి తాను చెప్పుకునేవాడు. ఆ కొద్ది రోజులూ కత్తుల పెట్టె తెరవాలనే అతనికి తోచలేదు.

పాలు తాగేటప్పుడు పిల్ల నుదుట చెమట పట్టేది. తర్వాత పెదాలు నీలంగా మారడం మొదలయింది. ఎత్తుకుని ఆసుపత్రికి పరుగెత్తారు. పురుటిస్నానం కాకుండానే పిల్ల పోయింది.

గుండె కడుపులోనే సరిగ్గా ఏర్పడలేదని డాక్టరమ్మ గోవింద్‌నీ లక్ష్ముడినీ కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పింది. ఎవరు ఏం చేసినా ఆగేది కాదని, ఎవరి తప్పూ కాదని ఒకటికి రెండుసార్లు అంది. గోవింద్ అది రాణికి చెప్పాడు. ఆమె విన్నట్టే లేదు. ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకుంది. పాలు వచ్చి రవికె తడుస్తుంటే గురమ్మ గుడ్డ మార్చేది. అన్నం ముట్టలేదు. గంజి పెదాలకి ఆనించినా మింగలేదు. గోవింద్ పనికి వెళ్ళడం మానేసి ఆమె కాళ్ళ దగ్గర కూర్చునేవాడు.

పరామర్శకి వచ్చినవాళ్ళు వస్తున్నారు, పోతున్నారు. మాటలకేం, నోటికొచ్చినవి అంటారు. వరసకి అత్త అయ్యే ఒక ముసలమ్మ గుమ్మంలో కూర్చుని, దేముడమ్మ కత్తి తలకింద ఉండగా బిడ్డ పోయిందంటే ఇంకేం చెప్పుకుంటాం, తప్పు కత్తిలో ఉండదు కదా అని నిట్టూర్చింది. ఆ నోరు పడిపోను! అన్నది అనేసి, తమలపాకులు నములుకుంటూ వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం లక్ష్ముడు అరుగు మీద వల బాగుచేస్తున్నాడు. లోపల్నుంచి రాణి గొంతు వినిపించింది. ఎన్నాళ్ళకో మాట్లాడుతోంది కదా అని చెయ్యి ఆపి విన్నాడు.

"నువ్వు ఇంకో మనువు సేసుకో బావా. నానమ్మ కత్తి ఎంతమంది పిల్లల్ని కాసింది! నా బిడ్డనే కాయలేకపోయిందంటే, పాపం నాలోనే ఉన్నాది. నా కడుపులో పడ్డదేదీ బతకదు. నన్నొగ్గెయ్."

గోవింద్ ఏదేదో చెప్తున్నాడు, డాక్టరమ్మ మాటలే మళ్ళీ చెప్తున్నాడు. గురమ్మ ఏడుస్తోంది. రాణి మాత్రం ఏడవడం లేదు. ఎక్కాలు అప్పజెప్పినట్టు చెప్తోంది. ఆ గొంతు విన్నాక లక్ష్ముడికి భయం పట్టుకుంది. ఈ పిల్ల ఇక లేవదు. ఇలాగే గోడని చూస్తూ చూస్తూ ఆరిపోతుంది. ఆ కత్తి తన తల్లిదే అని నమ్మినంతకాలం పాపం తనదే అనుకుంటుంది. నిజం చెప్తే? చెప్తే కూతురు తనకుండదు. ఒక్కగానొక్క కూతురు. చిన్నప్పుడు తను వేటనుంచి వచ్చేదాకా ఒడ్డున ఇసకలో కూర్చుని అన్నం తినకుండా చూసిన కూతురు. లక్ష్ముడు చేతిలో వల పక్కన పెట్టాడు. లేచి లోపలికి వెళ్ళాడు.

"అమ్మా రాణీ, అది మీ నానమ్మ కత్తి కాదమ్మా. నాను సేసింది."

ముందెవరికీ అర్థం కాలేదు. కూతుర్ని ఊరడించడానికి అబద్ధమాడుతున్నాడనుకుంది గురమ్మ. అప్పుడు అంతా చెప్పాడు. రామతీర్థం, ఎల్లాజీ, గోనెపట్టా, తాటి దూలం, వలతాడు, అన్నీ. రాణి మెల్లగా ఇటు తిరిగింది. మోచెయ్యి ఆనించి లేచి కూర్చుంది. అసలు కత్తి ఎందుకిచ్చావని అడిగింది. లక్ష్ముడు తల దించుకున్నాడు.

"దానికి బదులు ఇంకో కత్తి అగుపించింది. బాగున్నాదని ఇచ్చీసినాను."

రాణి తలకింద కత్తి తీసి అతని మీదకి విసిరింది. అది భుజానికి తగిలి కిందపడింది. అప్పుడు వచ్చింది ఏడుపు. ఇన్నాళ్ళూ గడ్డకట్టి ఉన్నదంతా ఒక్కసారి తెగి వచ్చింది. నువ్వు తండ్రివేనా అంది. కొమ్ముముక్క కోసం నా బిడ్డని అమ్ముకున్నావంది. లేచి నిలబడి, గోడ పట్టుకుని, గొంతు పగిలేలా తిట్టింది. వీధిలో జనం మూగారు. గోవింద్ నోరు తెరవబోతే లక్ష్ముడు కళ్ళతోనే వద్దని వారించాడు.

"నా బిడ్డని సంపింది నువ్వే. ఇంకెప్పుడూ నా కంటికి కనపడకు."

లక్ష్ముడు ఔనన్నట్టు తలూపాడు. డాక్టరమ్మ మాట ఎత్తలేదు. మెల్లగా అరుగు మీదకి వచ్చి గోడకి ఆనుకుని కూర్చున్నాడు. గురమ్మ కూడా అతని వైపు చూడలేదు. లోపల ఏడుపు చాలాసేపు సాగి, వెక్కిళ్ళుగా మారింది. జనం ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. దీపాలు పెట్టే వేళకి రాణి తల్లిని మంచినీళ్ళు అడగడం వినిపించింది. ఇంకాసేపటికి కంచం చప్పుడు వినిపించింది. గురమ్మ చారన్నం కలిపి పెడుతోంది. కూతురు తింటోంది. మధ్యలో తిడుతోంది, మళ్ళీ తింటోంది. లక్ష్ముడు తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడ్చాడు.

ఆ తర్వాత రాణి అత్తవారింటికి వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు తల్లికి చెప్పింది, తండ్రికి చెప్పలేదు. గురమ్మ అన్నం వండుతుంది, వడ్డిస్తుంది, మాట మాత్రం అవసరానికే. కత్తుల పెట్టె గూట్లోనే ఉంది. ఉప్పుగాలి తన పని తాను చేసుకుపోతోంది. పల్లెలో వాళ్ళు వెనక అనుకునేది లక్ష్ముడి చెవిన పడుతూనే ఉంటుంది. డాక్టరు మాట నిజమో, కత్తి మాట నిజమో అతనికి ఈనాటికీ తెలియదు. పడవలో ఒక్కడూ చుక్కాని పట్టుకుని కూర్చున్నప్పుడు ఒకసారి అదనిపిస్తుంది, ఒకసారి ఇదనిపిస్తుంది.

మొన్న గోవింద్ ఒడ్డుకి వచ్చాడు. లక్ష్ముడు చేపలు దించుతున్నాడు. అల్లుడు కూడా ఒక చెయ్యి వేశాడు. రాణి ఎలా ఉందని లక్ష్ముడు అడగలేదు, గోవిందే చెప్పాడు. తింటోందట. పక్కింటి ఆడపిల్లలతో కలిసి మిషను కుట్టడం నేర్చుకుంటోందట. అప్పుడప్పుడు నవ్వుతోందట కూడా. ఇంకో మనువు మాట మళ్ళీ ఎత్తలేదట. తండ్రి పేరు వస్తే మాత్రం లేచి వెళ్ళిపోతుందట. చెప్పి, గోవింద్ ఇసకలో కూర్చుండిపోయాడు.

"నాను సూడలేకపోతన్నాను మావా. కత్తీ లేదు, గిత్తీ లేదు, గుండె జబ్బని ఆసుపత్రి కాయితాలు దగ్గరెట్టుకుని మళ్ళీ మొదట్నుంచీ సెప్తాను. ఇప్పుడైతే వింటాది. నీ దగ్గిరకి తీసుకొస్తాను."

లక్ష్ముడు చేపల బుట్ట కింద పెట్టాడు. కూతురు వస్తుంది, గుమ్మంలో నిలబడి నాన్నా అంటుంది అన్న ఊహకే అతని మొహం ఒక్కసారి వెలిగింది. గోవింద్ అది చూశాడు. తర్వాత లక్ష్ముడు తల అడ్డంగా ఊపాడు.

"వొద్దు బాబూ. కత్తి తప్పు కాదంటే నా తప్పు కాదనుకుంటాది. నాది కాకపోతే మళ్ళీ తనమీదే ఎట్టుకుంటాది. నన్ను తిట్టుకోనీ. తిట్టుకుని బతకనీ."

బుట్ట నెత్తిన పెట్టుకుని, ఎదర వేలానికి పిలుస్తున్న చోటికి నడిచి వెళ్ళిపోయాడు.